జానెడు దారం

ఇజ్జా కట్టే దండలు ఇప్పుడు ఒక పక్కకి కాస్త వాలి ఉంటాయి. కుడివైపు పెద్ద రాళ్ళు గుంపుగా ఉంటే ఎడమవైపు ఒక్కటే బిక్కుబిక్కుమంటూ ఉంటుంది. నడుమ ఉండాల్సిన రాయి నడుమ ఉండదు. అగాదీర్‌లో ఆమె దండలు అమ్మే పట్నం దుకాణాలవాళ్ళు మొదట్లో గొణిగారు. కొనేవాళ్ళు అదే ఒక సొగసని మెచ్చుకోవడం మొదలెట్టాక, ఆ విద్య తామే నేర్పినట్టు మాట్లాడుతున్నారు. వాళ్ళకేం తెలుసు! అంతకుముందు ఆమె కట్టిన దండను సగానికి మడిచి త్రాసులో వేసినా రెండు పక్కలా గింజ తేడా వచ్చేది కాదు. ఆ పట్టింపే ఒకసారి ఆమె కొంప ముంచబోయింది.

తిజ్నీత్ ఊరి గోడ లోపల, వెండి పనివాళ్ళ బజారు వెనక సందులో వాళ్ళ ఇల్లు. వీధివైపు గది ఇజ్జాది. గోడ పొడుగునా చెక్క పళ్ళేలు. ఒకదాంట్లో ఆకాశరంగు ఇరాన్ ఫిరోజా రాళ్ళు, ఒకదాంట్లో కాబూల్ వైపు నుంచి వచ్చిన నీలి రాళ్ళు, మరోదాంట్లో మాలీ నుంచి లారీల మీద దిగిన మట్టిపూసలు, యెమెన్ వెండి గుండ్లు, హింద్ నుంచి వచ్చిన ఎర్ర అకీక్ రాళ్ళు. పని మొదలెట్టే ముందు ఆమె ఒళ్ళో నల్లటి ఉన్నిగుడ్డ పరుచుకుని, దాని మీద రాళ్ళు పోసుకుని కాసేపు ఊరికే కూర్చుంటుంది. బరువైనవి కిందికి, తేలికవి మెడ దగ్గరికి. గాజు పక్కన గాజు పడితే చిట్లుతుంది కాబట్టి నడుమ ఒక మెత్తటి పూస. యెమెన్ దండలో చూసిన ముడి, టిబెట్టు దండ ఫొటోలో చూసిన అమరిక, తన తల్లి కట్టే ఎడారి పద్ధతి, అన్నీ ఆ ఒళ్ళోనే కలుస్తాయి. నచ్చేదాకా గుచ్చుతుంది, విప్పుతుంది, మళ్ళీ గుచ్చుతుంది.

అత్తగారు హనియాకు ఈ దండలంటే గిట్టదు. ఆవిడకు చూపు పోయి చాలా ఏళ్ళయింది. అయినా చేతికి అందిన దండనల్లా తడిమి పెదవి విరిచేది.

"ఫిరోజా పక్కన పగడం, పగడం పక్కన మట్టిబెడ్డ. ఇది దండ కాదే, కలగూరగంప. ఎవరు కొంటారే ఇవి?"

"కొంటున్నారత్తయ్యా."

"కళ్ళుండే కొంటున్నారా?"

వినేవాళ్ళకి నవ్వొచ్చేది. ఇజ్జా కూడా పైకి నవ్వేది. వాళ్ళిద్దరూ ఏనాడూ జుట్టూ జుట్టూ పట్టుకున్నది లేదు. పొద్దున్నే అత్తకు బార్లీ రొట్టె తుంచి, బాదం ముద్దలో అద్ది చేతికిచ్చేది కోడలే. టీలో పుదీనా ఎక్కువైందని సణిగేది అత్తే. పదకొండేళ్ళ కాపురంలో ఇజ్జా మనసులో గుచ్చుకున్న ముల్లు ఒక్కటే. ఆ ఒక్కదాన్ని గురించి ఇద్దరూ ఎప్పుడూ నోరు విప్పలేదు.

ఆ ఇంటికో పెద్ద దండ ఉంది. చెట్టుబంక గట్టిపడి రాయైన అంబరుతో చేసిన పిడికెడేసి పూసలు, తేనెరంగులో, నిమ్మపండు రంగులో. వాటి మధ్య ఒక ముదురు పగడం, హింద్ నుంచి వచ్చిన ఎర్ర అకీకు, ఎప్పుడో ఎడారి బేరగాళ్ళ తొంబుక్తూ దారిలో చేతులు మారి వచ్చిన వెనిస్ గాజుపూస. వాసన కోసం రెండు చివర్లా లవంగాల గుత్తులు, మొదటి పూసకు ముందు ఒక వెండిగుండు. ఆ ఇంటికి కోడలుగా వచ్చే పిల్ల పుట్టింటి నుంచి ఒక్క పూస తెచ్చుకుని పెళ్ళినాడు అత్త చేతిలో పెడుతుంది. ఏడాది తిరిగాక, పిల్ల ఇంట్లో కుదురుకుందని తోచాక, అత్త తన చేత్తో ఆ పూసను దండకు గుచ్చుతుంది. ఇంకొకరి చెయ్యి తగలకూడదు. అప్పటికిగాని ఆ పిల్ల ఆ ఇంటి మనిషి అయినట్టు కాదు.

ఇజ్జా గుల్మీమ్ అవతలి ఎడారి మనిషి. ఆమె తెచ్చింది ఆకుపచ్చ రాయి, పలకలు పలకలుగా, చల్లగా, సన్నటి బెజ్జంతో ఉన్నది. తల్లి మెడలోంచి తీసి ఇచ్చింది. పెళ్ళయి ఏడాది తిరిగింది, రెండేళ్ళు తిరిగాయి. అత్త ఆ రాయి ఊసెత్తలేదు. హనియా తన చెల్లెలి కూతుర్ని కోడలిగా తెచ్చుకోవాలనుకుందనీ, పెద్ద కొడుకు బిహీ మొండికేసి ఎడారి పిల్లను చేసుకున్నాడనీ సందులో అందరికీ తెలుసు. కాబట్టి ఆ రాయి దండలోకి ఎందుకు ఎక్కలేదో ఇజ్జాకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది.

ఇప్పుడు బిహీ తమ్ముడు బెలైద్ పెళ్ళి. వచ్చే పిల్ల పేరు తమీమ్. కొండ ఊరి పిల్ల, నెమ్మదస్తురాలు. శుక్రవారం ఆ దండ ఆమె మెడలో పడుతుంది. ఏడాదికి ఆమె పూస దండకు ఎక్కుతుంది, హనియా పూస పక్కనే. అంటే ఇజ్జాకు ఇక చోటు లేనట్టే. పెద్దకోడల్ని దాటేసి చిన్నకోడలు కూర్చున్నాక మళ్ళీ ఎవరు వెనక్కి జరుగుతారు?

బుధవారం ఉదయం హనియా తన మంచం కింది పెట్టె తీయించింది. దండ దారం చివికిపోయింది, లవంగాలు పొడైపోయాయి. పూసలు కట్టడం ఆ ఇంట్లో ఇజ్జాకే వచ్చు. ఇంకొకరికి ఇచ్చే దారి లేదు.

"దారం మార్చు. లవంగాలు కొత్తవి నానబెట్టి గుచ్చు. రేపు మధ్యాహ్నానికి నా చేతికి రావాలి," అంది హనియా. ఇంకేం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉంటుందని ఆవిడకు తోచనేలేదు.

ఇజ్జా పెట్టె తెచ్చుకుని గది తలుపు వేసుకుంది. తన పెళ్ళినాడు తప్ప ఆ దండను ఆమె దగ్గరగా చూసింది లేదు. ఒళ్ళో పరుచుకోగానే ముందు పనితనం తెలిసిన కన్ను పని చేసింది. దండ ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. పెద్ద అంబర్లన్నీ ఒకవైపే కూరుకుని, గాజుపూస ఎక్కడో మెడ వెనక్కి పోయి ఉంది. ఒక చివర, ముడి వేసి కత్తిరించాల్సిన చోట, జానెడు దారం ఊరికే వేలాడుతోంది. దాని కొన మైనం పట్టి, పంటితో కొరికినట్టు నలిగి గట్టిపడింది. ఎవరు కట్టారో గాని చేతకాని పని అనుకుంది ఇజ్జా. కత్తెర తీసి ముందు ఆ తోకను కత్తిరించింది. తర్వాత మొత్తం దారం.

పెట్టె అడుగున చిన్న గుడ్డమూట కనిపించింది. విప్పితే తన ఆకుపచ్చ రాయి. పెళ్ళినాడు తను చుట్టి ఇచ్చిన రుమాలు అదే, అంచుకు తన తల్లి కుట్టిన పసుపు దారం కూడా అలాగే ఉంది. రాయి బెజ్జంలో మైనం ముద్దలా పేరుకుపోయింది. పదకొండేళ్ళు చిత్తుగుడ్డలా మూలన పడేసి, కనీసం దుమ్ము కూడా దులపలేదన్నమాట. ఇజ్జాకు కళ్ళు మండాయి. సూది తీసుకుని ఆ మైనాన్ని గీకి గీకి శుభ్రం చేసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఇజ్జా పుట్టింటివాళ్ళు పండుగ పండుగకీ దండలు విప్పి కొత్త వరుసలో కట్టుకుంటారు. పోయినేటి వరుసలో మళ్ళీ వేసుకుంటే బద్ధకస్తురాలని నవ్వుతారు. పూసలు ముఖ్యం, వరుస ఎవరికి తోచినట్టు వాళ్ళది. అందుకే దండ విప్పి వేరే విధంగా అమర్చడం తప్పని ఆమెకు కలలో కూడా అనిపించలేదు. పెద్దదానికి పెద్దది, చిన్నదానికి చిన్నది జత చూసి రెండు పక్కలా పేర్చింది. అకీకుకు ఎదురుగా పగడం. చూస్తుండగానే పాత దండకు కొత్త కళ వచ్చింది. అన్నీ జతలు కుదిరాయి, నడుమ ఒక్క రాయి తక్కువ.

నడుమ తేనెరంగుల మధ్య పచ్చగా ఒకటి పడితే ఎలా ఉంటుందో ఏ పనివాడైనా చూడగలడు. అమరిక కోసమే పెట్టానని ఇజ్జా తనకు తాను చెప్పుకుంది. అది సగం నిజం. మిగతా సగం ఏమిటో ఆమె చేతికి తెలుసు.

చెప్పిన గడువుకు ముందే, ఆ సాయంత్రమే దండ తీసుకెళ్ళి అత్త ఒళ్ళో పెట్టింది. హనియా వాకిట్లో చాప మీద కూర్చుని ఉంది. పక్కన బిహీ టీ పోసుకుంటున్నాడు. అతను తఫ్రౌత్ ఊరి దారిలో టాక్సీ నడుపుతాడు, ఆ వారమంతా పెళ్ళి పనులకని ఇంట్లోనే ఉన్నాడు.

లవంగాల వాసనకి హనియా ముఖం వెలిగింది. దండ చివర వెండిగుండు పట్టుకుని, దాని పక్క పూస మీద బొటనవేలు పెట్టి, పెదవులు కదిలించింది.

"తూదా," అంది. వేలు తర్వాతి పూస మీదికి జరిగింది. "యెత్తు..." ఆగిపోయింది. వెనక్కి వచ్చి మళ్ళీ మొదటి పూస తడిమింది. "తూదా కాదు ఇది." వేళ్ళు తొందర తొందరగా ముందుకీ వెనక్కీ పరిగెత్తాయి. "యెత్తు ఏది? రబ్హా ఎక్కడికి పోయింది?"

అప్పటికి ఇజ్జాకు విషయం తలకెక్కింది. తన పెళ్ళినాడు డప్పుల హోరులో, ముసుగు కింద తల వంచుకుని ఉండగా, అత్త దండ వేస్తూ ఏవో పేర్లు చదివింది. పోయిన పెద్దలను తలుచుకుంటోంది, ఏదో దీవెన అనుకుంది తను. ఒక్కో పేరుకూ ఒక్కో పూస అనీ, ఆ వరుసే ఆ ఇంటి ఆడవాళ్ళ వరుస అనీ, దాన్ని రాసి పెట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరనీ ఇప్పుడు తెలిసింది. అత్త గుడ్డిదైపోయాక ఆ వరుస ఆవిడ వేళ్ళలోనే ఉంది. సగానికి పైగా అంబర్లే, చేతికి అన్నీ ఒక్కలాగే తగులుతాయి. చోటును బట్టే మనిషి. ఆ చోట్లన్నీ తను తుడిచిపెట్టేసింది.

హనియా వేలు నడుమకు వచ్చింది. పలకల రాయి తగిలింది. చాలాసేపు దాని మీదే ఉండిపోయింది ఆ వేలు.

"ఇది నీది కదే," అంది చివరికి, గొంతు పెంచకుండా. "మా అత్త, వాళ్ళ అత్త, ఆవిడ అత్త, అందర్నీ చెల్లాచెదురు చేసి మధ్యలో నువ్వు కూర్చున్నావా?"

ఇజ్జా తెలియక చేశాననాలి. కాని ఆ పచ్చరాయి మాట వచ్చేసరికి తెలియదనడానికి నోరు రాలేదు. హనియా దండను చాప మీద పెట్టి, గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్ళి పడుకుంది. ఆ పూట ముద్ద ముట్టలేదు.

బిహీ తనకు తోచిన సలహా ఇచ్చాడు. పెళ్ళి ఫొటో తీసి చూడమన్నాడు. ఫొటోలో ముసుగు అంచూ లవంగాల గుత్తులూ దండను కప్పేశాయి, కనిపించిన నాలుగు పూసలూ మసకే. నీ చిన్నప్పుడు మీ అమ్మ మెడలో చూసి ఉంటావు, గుర్తు తెచ్చుకో అని ఇజ్జా అడిగింది. అతను నుదురు నొక్కుకుని చాలాసేపు ఆలోచించాడు.

"పసుప్పచ్చగా ఉండేదే," అన్నాడు.

పోయి నీ టాక్సీ కడుక్కో అంది ఇజ్జా.

గురువారం పొద్దున వాకిట్లో ఎండ పడేసరికి ఆమె పళ్ళెం పట్టుకుని కూర్చుంది. దండ మళ్ళీ విప్పేసింది. తన రాయిని మొదట తీసి రుమాల్లో కట్టేసింది. మిగిలినవి పళ్ళెంలో పోసి, ఎటు నుంచి మొదలెట్టాలో తెలియక, ఒక అంబరు పూసను ఎండలో అటూ ఇటూ తిప్పింది. బెజ్జం చుట్టూ ఒక వైపు చిన్న గుంట. గిన్నె అడుగులా నున్నగా అరిగింది. దండలు కట్టేది కాబట్టి ఇలాంటి గుంటలు ఆమె ఎన్నో చూసింది. పాత పూసకు ఇదో లోపమనుకుని కనపడకుండా తిప్పి గుచ్చేది. నిన్న కూడా అలాగే చేసింది. ఇప్పుడు మాత్రం ఆ గుంటలోకే చూస్తూ ఉండిపోయింది.

అంబరు మెత్తటిది. గట్టి రాయి పక్కన ఏళ్ళ తరబడి ఉంటే దాని ఆకారం తన ఒంట్లో దించుకుంటుంది. ఇజ్జా ఎర్ర అకీకు తీసి ఆ గుంటలో పెట్టి చూసింది, కుదరలేదు. పగడం పెట్టింది, కుదరలేదు. గాజుపూస పెట్టింది. గిన్నెకు మూత పడినట్టు కూర్చుంది.

ఆమెకు ఊపిరి ఆడింది. ఇక పళ్ళెం మీద నుంచి తల ఎత్తలేదు. ఏ పూస ఏ పూసను ఒరుసుకుందో, ఏ గుంటకు ఏ బొడిపె సరిపోతుందో చూసుకుంటూ ఒక్కొక్కదాన్నీ పక్కపక్కన చేర్చింది. కొన్ని వెంటనే దొరికాయి. రెండు అంబర్లు ఒకదాన్నొకటి ఎంత అరగదీసుకున్నాయంటే, పక్కన పెట్టగానే మధ్యలో వెలుతురు కూడా దూరలేదు. ఈ అత్తాకోడళ్ళు బతికినన్నాళ్ళు ఎంత కొట్టుకున్నారో ఏమో అనుకుని ఆ దిగుల్లో కూడా నవ్వుకుంది. మరి కొన్ని మొండికేశాయి. పగడం ఎటువైపుదో తేలక దాదాపు మధ్యాహ్నం దాకా ఏడిపించింది. వెండిగుండు నల్లగా మచ్చ చేసిన పూస మొదటిదని తెలిసిపోయింది. అది తూదా.

చివరికి ఒక పూస మిగిలింది. లేత తేనెరంగు అంబరు. దాని ఒక వైపు గుంట ఉంది, పక్క పూసకు చక్కగా సరిపోయింది. రెండో వైపు గుంట లేదు. నున్నగా, గుండ్రంగా, ఎవరూ తాకనట్టు, కొన్నరోజున ఎలా ఉందో అలాగే ఉంది.

ఇది హనియాది. దాని పక్కకి ఇంకా ఎవరూ రాలేదు.

ఇజ్జా ఆ పూసను అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్ళూ దండకు బయట ఉండిపోయింది తనొక్కతే అనుకుంది. ఈ పూసకు మటుకు పక్కన ఎవరున్నారు? వెనకవాళ్ళంతా పోయినవాళ్ళు, ముందు ఖాళీ. మొదటిసారి అత్త మీద ఆమెకు జాలేసింది. కోపం మాత్రం పోలేదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

కొత్త దారానికి వరుసగా గుచ్చి, చివర ముడి వేసి, మిగిలిన దారాన్ని వెనక్కి పూసల బెజ్జాల్లోకి దోపేసి, తీసుకెళ్ళి అత్త చేతికిచ్చింది. హనియా గోడవైపు తిరిగి పడుకునే ఉంది.

"అత్తయ్యా, ఒక్కసారి చూడండి. తప్పుంటే మళ్ళీ విప్పుతాను."

హనియా లేచి కూర్చుంది. వేలు మొదటి పూస మీద పెట్టింది. తూదా అంది. యెత్తు అంది. రబ్హా, ఖద్దూజ్, చిన్న తూదా, మీనా, ఒక్కో పేరుకూ ఒక్కో పూస దొర్లిపోయింది. గొంతు మొదట పొడిగా ఉంది, పోనుపోను తడిబారింది. చివరి పూసను తాకి, "నేను," అంది.

వేలు అక్కడ ఆగలేదు. పూస దాటి ముందుకు పోయి దేనికోసమో వెతికింది. ముడి తగిలింది. ముడి చుట్టూ తడిమింది.

"ఇక్కడ దారం వదిలాను. అదేది?"

"వేలాడుతోందని కత్తిరించేశానత్తయ్యా. చివరంతా కొరికేసి ఉంటేనూ, బాగోలేదని..."

"కొరికింది నేనే," అంది హనియా.

ఇజ్జాకు రాయి బెజ్జంలోని మైనం గుర్తొచ్చింది. దారం కొనకు పట్టిన మైనం, ఇది ఒకటే. అప్పటిదాకా రెంటినీ కలిపి చూడలేదు.

"ఏడాది తిరిగినప్పుడు కోపంతోనే వెయ్యలేదు. అది నిజం, దాచేదేం లేదు," అంది హనియా. "మా చెల్లెలి పిల్ల రావలసిన చోటికి నువ్వొచ్చావని. రెండో ఏడు నాకు జ్వరమొస్తే నువ్వు నా తల ఒళ్ళో పెట్టుకుని రాత్రంతా కూర్చున్నావు. ఇక వేద్దామనుకున్నాను. పెట్టె తీస్తే దారం కొన రెండుగా కనపడింది. అప్పటికే చూపు జారిపోతోందే. నీ రాయి బెజ్జం చూశావుగా, దోమ కూడా దూరదు. మైనం రాశాను, పంటితో కొరికాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడల్లా తీసి కూర్చునేదాన్ని. పడలేదు."

"నన్ను పిలవొచ్చుగా అత్తయ్యా. నాకు రోజంతా అదే పని."

"పిలిచి ఏమని చెప్పను? కళ్ళు పోయాయనా? అప్పటికి ఎవరికీ తెలియదు. తెలిస్తే పొయ్యి దగ్గరికి కూడా పోనివ్వరు మీరు. పైగా ఇంకొకరి చెయ్యి తగలకూడదాయె. అలా అలా రోజులు పోయాయి. తర్వాత చెప్పడానికి సిగ్గేసింది. దారం మాత్రం కత్తిరించలేదు."

ఇజ్జా ఏడ్చేసింది. పదకొండేళ్ళు దేన్ని తలుచుకుని కుమిలిందో అదంతా జానెడు దారం అని తెలిసినప్పుడు మనిషి ఏడవక ఏం చేస్తుంది? హనియా చెయ్యి చాచి, తడిమి, కోడలి మోకాలు దొరకబుచ్చుకుంది.

"ఆ రాయి తీసుకురా," అంది.

ఇజ్జా చివరి ముడి విప్పి, లోపలికి దోపిన దారాన్ని బయటికి లాగింది. కొనకు మైనం రాసి, పదునుగా పేని, అత్త వేళ్ళ మధ్య పెట్టింది. రాయిని తన వేళ్ళతో కదలకుండా పట్టుకుంది. పట్టుకోగానే చటుక్కున వదిలేసింది.

"ఇంకొకరి చెయ్యి తగలకూడదు కదా."

"నీ రాయిని నువ్వు పట్టుకుంటే ఇంకొకరి చెయ్యి ఎలా అవుతుందే, పిచ్చిదానా? సరిగ్గా పట్టుకో."

దారం రాయికి తగిలి పక్కకి జారింది. మళ్ళీ జారింది. హనియా విసుక్కుంది, తిట్టింది, ఎడారివాళ్ళకి బెజ్జాలు పొడవడం కూడా రాదంది. ఇజ్జా ఏడుస్తూనే నవ్వుతూ, దారాన్ని తను లాగకుండా ఓర్చుకుంది. లాగడం క్షణంలో పని. కాని ఆ క్షణం కోసం ఆవిడ ఎన్నేళ్ళు కూర్చుందో తలుచుకుని రాయిని మాత్రం పట్టుకుంది. ఎప్పటికో కొన ఇవతలికి వచ్చింది. ఇజ్జా గోటికి మెత్తగా తగిలింది.

"పడింది," అంది ఇజ్జా.

హనియా పచ్చరాయిని దారం మీదుగా జరుపుకుంటూ వెళ్ళి తన అంబరుకు ఆనించింది. రెండూ టక్కుమన్నాయి. బొటనవేలితో ఆ అతుకును రాసి చూసింది.

"పలకలన్నీ గుచ్చుకుంటున్నాయి. నీ రాయి గట్టిది, నాది మెత్తటిది. అరిగేది నేనే కదే."

"అరగండి. ఇన్నాళ్ళూ నన్ను అరగదీశారు కదా."

హనియా నోరు తెరిచి ఏదో అనబోయి, పకపకా నవ్వింది. బయట టాక్సీ తుడుస్తున్న బిహీ తలుపులోంచి తొంగిచూశాడు. ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని ఏడుస్తూ నవ్వుతూ ఉంటే, ఇందులో తనకు పని లేదని వెనక్కి పోయాడు.

ఇజ్జా ముడి బిగించి, అలవాటుగా కత్తెర అందుకుంది. ఆ చప్పుడు విని హనియా ఆమె మణికట్టు పట్టుకుంది.

"కత్తెర కింద పెట్టు. మరి తమీమ్ ఎక్కడ కూర్చుంటుంది?"

శుక్రవారం సాయంత్రం వాకిలి నిండా ఆడవాళ్ళు. డప్పులు వేడెక్కించుకున్నారు. గోరింటాకు చేతులతో తమీమ్ ముసుగు కింద తల వంచుకుని కూర్చుంది. ఇజ్జా అత్త మోచెయ్యి పట్టుకుని పిల్ల ముందు కూర్చోబెట్టింది. దండ ఒక పక్కకి ఒరిగి, చివర జానెడు దారం వేలాడుతూ, పూర్వం ఎలా ఉందో అలాగే ఉంది. అంతకంటే అందమైన దండ తన చేతుల మీదుగా ఇంతవరకూ పోలేదని ఇజ్జాకు అనిపించింది.

డప్పులు మొదలయ్యాయి. హనియా పూస మీద పూస జరుపుతూ పేర్లు చదవసాగింది. ఇజ్జా వంగి తమీమ్ చెవి దగ్గర నోరు పెట్టింది. ఇవి దీవెనలు కావు, మనుషులు, ఒక్కో పూసా ఒక్కరు, వరుస గుర్తుపెట్టుకోమని చెప్పింది. ముసుగు కింద పిల్ల తల ఊపింది. తూదా, యెత్తు, రబ్హా. డప్పుల హోరు పెరిగింది. మీనా. నేను.

హనియా వేలు పలకల రాయి మీద ఆగింది. ఆవిడ తల ఎత్తి, డప్పుల్ని మించి వినపడేలా గొంతు పెంచి ఆ పేరు చెప్పింది.

"ఇజ్జా."

ఆ గోలలో అది ఇంకెవరికి వినపడిందో తెలియదు. ఇజ్జా మాత్రం విన్నది.